రీసేల్ వాల్యూ పిచ్చి: పాత డిజైర్‌కు కొత్త రేటు ఎందుకివ్వాలి?

మూడేళ్ల పాత మారుతీ డిజైర్ కొనకండి. కొంటే కొత్తది కొనండి, చేతిలో అంత డబ్బు లేదంటే ఏడెనిమిదేళ్ల పాతది వెతుక్కోండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్న 2021, 22, 23 మోడళ్లు, అదే ‘సింగిల్ ఓనర్, షోరూమ్ సర్వీస్, కొత్త బండికి ఏమాత్రం తీసిపోదు’ అంటూ అమ్మకానికి వస్తున్నవి, ఇప్పుడు అడుగుతున్న రేట్లకు అసలు బేరమే కాదు. ఈ మాట అంటే చాలామందికి మింగుడు పడదు. మొదటి కారు సెకండ్‌హ్యాండ్ తీసుకో, మారుతీ అయితే కళ్లు మూసుకుని తీసుకో, రెండు మూడేళ్లు తిరిగిందైతే అసలు ఆలోచించకు అని చిన్నాన్న దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటాయన దాకా అందరూ చెప్పే సలహా ఇదే కదా. ఒకప్పుడు అది మంచి సలహానే. ఇప్పుడు లెక్క మారిపోయింది, సలహా ఇచ్చేవాళ్లు మాత్రం మారలేదు.

లెక్క ఎక్కడ మారిందో తెలిసిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. డిజైర్ బేస్ మోడల్ ఎక్స్‌షోరూమ్ ధర 6.84 లక్షల నుంచి 6.26 లక్షలకు వచ్చింది. అంటే కొత్త బండి ఒక్క రాత్రిలో చవకైపోయింది. పాత బండి ఓనర్ మనసులో ఉన్న రేటు మాత్రం అంత తొందరగా దిగదు. ఆయన 2022లో 29 శాతం పన్ను కట్టి కొన్నాడు, ఇన్వాయిస్ ఫైల్లో భద్రంగా ఉంది, అందులోంచి ఏడాదికి ఇంత చొప్పున తీసేసి ఓ అంకె చెబుతాడు. ఆయన కట్టిన పన్ను ఇప్పుడు లేని పన్ను. అది మన నెత్తిన ఎందుకు పడాలి?

అసలు సమస్య ‘రీసేల్ వాల్యూ’ అన్న మాటతోనే. మారుతీ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది అదే, అదేదో అందరికీ మేలు చేసే గుణం అన్నట్టు. కొత్త కారు కొని ఐదేళ్లకు అమ్మేవాడికి అది లాభమే, కాదనను. కానీ సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడి వైపు నుంచి చూడండి. పాత కారు కొనడంలో ఉన్న ఏకైక ఆకర్షణ ఏమిటి? మొదటి ఓనర్ తరుగుదల భరించాడు, మిగిలిన దానికే మనం డబ్బు పెడుతున్నాం అన్నది. మరి ఆ తరుగుదలే సరిగా జరగని బండిని పట్టుకుని ‘దీనికి రీసేల్ బాగుంటుంది’ అని మురిసిపోతే, ఆ బాగుండటానికి డబ్బు ఇస్తున్నది మనమే కదా! వాడేసిన సరుకుకు కొత్త సరుకు ధర పెట్టి, రేపు ఇంకొకడు మనకీ అలాగే పెడతాడని ఆశపడటం ఇది. ఆ ఇంకొకడు షోరూమ్‌లో తగ్గిన రేటు బోర్డు చూసి అటే వెళ్లిపోతే మన సంగతేంటి?

ఒక లెక్క వేసి చూద్దాం. 2022 వీఎక్స్ఐ (బేస్ మీద ఒక మెట్టు పై మోడల్) ఒకటి, నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఆరున్నర లక్షలు అడుగుతున్నారనుకోండి. కొత్త వీఎక్స్ఐ లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఎనిమిదిన్నర దాకా అవుతుంది. తేడా రెండు లక్షలు, బాగానే కనిపిస్తోంది. ఇక లోన్ దగ్గరకు రండి. పాత కారు లోన్‌కు వడ్డీ ఎప్పుడూ ఎక్కువే. కొత్తదానికి 9 శాతం, పాతదానికి 12 అనుకుంటే ఐదు లక్షల మీద ఐదేళ్లలో నలభై వేల పైనే అదనంగా కడతాం. నాలుగు టైర్లు మార్చే టైం దగ్గరపడి ఉంటుంది, బ్యాటరీ కూడా అంతే. కొత్తదానికి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఉంది, పాతదానికి ఏమన్నా అయితే మన జేబే. ఇవన్నీ తీసేస్తే రెండు లక్షల తేడా కాస్తా లక్షా చిల్లరకు వస్తుంది. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే ఒకటి ఐదేళ్ల బండి, ఇంకొకటి ఎనిమిదేళ్ల బండి, పైగా రెండు చేతులు మారింది. ఆ లక్షా అక్కడ పోతుంది. దీనికోసమా ఆదివారాలన్నీ పాత కార్ల యార్డుల చుట్టూ తిరగడం?

అటువైపు వాదన కూడా ఉంది, చెప్పేస్తాను. పాత డిజైర్‌లో 2020లో వచ్చిన డ్యూయల్‌జెట్ ఇంజిన్ నాలుగు సిలిండర్లది, 90 పీఎస్ పవర్, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంటుంది. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌లో ఉన్నది మూడు సిలిండర్ల ఇంజిన్, 82 పీఎస్. ఐడిల్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాస్త ముందే గేరు దించుకోవాలి. నడపడమంటే ఇష్టం ఉన్నవాళ్లు పాతదే బాగుందంటే వాళ్లతో నాకు పేచీ లేదు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెంటికీ 2450 మిల్లీమీటర్లే, డిక్కీలో తేడా నాలుగు లీటర్లు, కాబట్టి కుటుంబానికి చోటు విషయంలో కొత్తది ఒరగబెట్టిందీ లేదు. మైలేజీ కూడా మాన్యువల్‌లో 23.26 నుంచి 24.79కి పెరిగింది, అంతే, దానికోసం ఎవరూ బండి మార్చక్కర్లేదు.

కానీ ఆ రెండు బళ్లూ గోడను గుద్దితే ఏమవుతుంది?

కార్లను గుద్దించి భద్రతకు స్టార్లు ఇచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్. కొత్త డిజైర్‌కు దాని పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు స్టార్లు, పిల్లలకు నాలుగు వచ్చాయి. మారుతీ చరిత్రలో ఐదు స్టార్ల కారు అదే మొదటిది. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ, వెనక సీటు మధ్యలో కూర్చునేవాళ్లకు కూడా మూడు పాయింట్ల సీట్‌బెల్టు, ఇవన్నీ బేస్ మోడల్ నుంచే ఉన్నాయి. ఇక పాత డిజైర్‌కు స్వయానా తోబుట్టువైన అప్పటి స్విఫ్ట్‌ను 2022లో అదే సంస్థ పరీక్షిస్తే వచ్చింది ఒక్క స్టార్. బాడీ షెల్ నిలకడగా లేదని తేల్చారు. రెంటిదీ ఒకటే హార్టెక్ట్ ప్లాట్‌ఫామ్ (బండికి ఆధారమైన కింది నిర్మాణం), ఎయిర్‌బ్యాగ్‌లు రెండే. ఇది వెయ్యి రెండు వేలు తగ్గించమని బేరమాడే తేడా కాదు. నలుగురు కూర్చుని హైవే మీద వందలో వెళ్లే బండి గురించి మాట్లాడుతున్నాం. కొత్త బేస్ మోడల్ ఎల్ఎక్స్ఐలో టచ్ స్క్రీన్ లేదని మొహం తిప్పుకుని, అదే డబ్బుకు టచ్ స్క్రీన్, అల్లాయ్ వీల్స్ ఉన్న 2022 టాప్ మోడల్ వైపు వెళ్తున్నవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. మ్యూజిక్ సిస్టం రేపు బయట షాపులో పెట్టించుకోవచ్చు, ఎయిర్‌బ్యాగ్‌లు ఏ షాపులోనూ పెట్టరు.

మరి ఏడెనిమిదేళ్ల పాతది మాత్రం ఎలా కొనమంటావు, అందులో భద్రత ఎక్కువా అని అడుగుతారు. ఎక్కువ కాదు. కానీ మూడు, నాలుగు లక్షలే ఉన్న మనిషికి ఎదురుగా ఉన్నది కొత్త డిజైర్ కాదు, వానలో పిల్లల్ని ముందూ వెనకా కూర్చోబెట్టుకున్న బైకు. అతనికి 2017 తర్వాతి మూడో తరం పెట్రోల్ బండి మంచి మెట్టు, ఎందుకంటే రెండు ఎయిర్‌బ్యాగ్‌లు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్ని మోడళ్లలో ఇవ్వడం అప్పటినుంచే. 2018లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు ఇదే, కాబట్టి వెతికితే దొరకని ఊరు లేదు, నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు. 2012 నుంచి 2017 దాకా వచ్చిన రెండో తరం ఇంకా చవక, కాకపోతే డీజిల్ అయితే నేను దూరంగా ఉండమంటాను. ఆ 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్ గట్టిదే, అందుకే టాక్సీవాళ్లు ఎగబడి కొన్నారు, అందుకే మీటర్ తిప్పిన బళ్లు కూడా వాటిలోనే ఎక్కువ తగులుతాయి. 2008 నాటి మొదటి తరం సంగతి వదిలేయండి, పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు వచ్చిన బళ్లు అవి.

చూసేటప్పుడు ఇంజిన్ సౌండ్ వినడం, పెయింట్ మీద వేలు పెట్టి తట్టడం లాంటివి అందరూ చేస్తారు, అమ్మేవాళ్లు కూడా వాటికి సిద్ధంగానే ఉంటారు. మీరు డ్రైవర్ సీటు దగ్గర కింద కూర్చుని బ్రేకు పెడల్ రబ్బరు చూడండి. మీటర్ నలభై రెండు వేలు చూపిస్తూ, రబ్బరు మీద గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తుంటే ఆ నలభై రెండు ముందు ఇంకో అంకె ఉండేదని అర్థం. పెడల్ రబ్బరు కొత్తగా మెరిసిపోతుంటే ఇంకా అనుమానించండి. తర్వాత సీట్‌బెల్టును చివరిదాకా లాగండి, ఆఖరి జానెడు మీద మట్టిచారలు ఉన్నాయేమో చూడండి, అక్కడ ఎవరూ కడగరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు పైకప్పు దాకా మునిగాయో టీవీల్లో చూశాం. అవన్నీ తుక్కులోకే పోయాయని నమ్మేవాళ్లు నమ్మొచ్చు. ఇంకో మాట, 2023 ఏప్రిల్ నుంచి పాత కార్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. ఆ కాగితం చూపించమని అడగండి. అవతలివాళ్ల మొహం చూస్తే చాలా విషయాలు తెలిసిపోతాయి.

పెట్రోల్ సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బళ్లు దాన్ని ఉద్దేశించి చేసినవి కావు. పాతతరం కార్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. పాత బండి అమ్మేవాళ్లు చెప్పే ‘ఇరవై మూడు ఇస్తుంది సార్’ అన్నది పాత పెట్రోల్ నాటి మాట.

ఇదంతా చూస్తుంటే నాకు కారు కంటే ఆ కారును అలా తయారు చేయించిన ప్రభుత్వ లెక్కల మీదే ఎక్కువ మంట. డిజైర్ ఆకారాన్ని గీసింది డిజైనర్ అనుకుంటాం, కాదు, పన్నుల శాఖ. మొదటి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. నాలుగు మీటర్ల లోపు ఉంటే ఎక్సైజ్ సుంకం తగ్గుతుందని 2006 బడ్జెట్‌లో పెట్టిన రూల్ కోసం 2012లో దాన్ని 3995కి కోసేశారు, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. వెనక నుంచి చూస్తే కత్తిరించినట్టు కనబడేది, గుర్తుందిగా. అంటే పన్ను పేరు చెప్పి కంపెనీ చేత కారు తోక కోయించగలిగారు. అదే పన్నుతో కారు నడుము గట్టి చేయించడానికి ఏం అడ్డొచ్చింది? 2022 జనవరిలో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి అని ముసాయిదా తెచ్చారు, ఏడాది వాయిదా వేశారు, చివరికి 2023లో తప్పనిసరి చేయబోమని మంత్రి గడ్కరీయే చెప్పేశారు. మన దేశానికే సొంతంగా స్టార్లిచ్చే పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్ తెచ్చారు, అదీ కంపెనీల ఇష్టం. మొన్న 2025లో జీఎస్టీ తగ్గించినప్పుడు కూడా మళ్లీ టేపు పట్టుకుని పొడవు కొలిచారు, ఇంజిన్ సీసీలు కొలిచారు. పదకొండు శాతం పన్ను వదులుకుంటున్న సర్కారు, నాలుగు స్టార్లు తెచ్చుకున్న బండికే ఈ రేటు అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఏ కంపెనీ కాదనేది? అదే ప్లాట్‌ఫామ్‌ను మెరుగుపరిచి ఐదు స్టార్లు తేవచ్చని డిజైరే చూపించింది, అదీ ఏడు లక్షల లోపు మొదలయ్యే కారులో.

కొత్త కారు కొనేవాడికి, పరీక్ష చేయించిన బండైతే, కనీసం చూసుకోవడానికి ఒక స్టార్ల స్టిక్కర్ ఉంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాడికి అదీ లేదు. ఏ ఏడాది మోడల్‌కు ఎన్ని స్టార్లు వచ్చాయి, ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయి, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పెద్ద యాక్సిడెంట్ క్లెయిమ్ ఏమన్నా ఉందా, వరదలో మునిగిందా, ఇవన్నీ ఎక్కడో ఒకచోట రికార్డుల్లో ఉన్నవే. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో బండి నంబరు కొడితే ఓనర్ ఎన్నోవాడో, ఫైనాన్స్ ఉందో లేదో చూపిస్తున్నప్పుడు వాటి పక్కన ఇంకో రెండు గడులు చేర్చడం పెద్ద పనేం కాదు. ఆ గడులు వచ్చిన మర్నాడు ఒక్క స్టార్ ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన 2022 మోడల్‌కు ఆరున్నర లక్షలు ఎవరు అడుగుతారో, ఎవరు ఇస్తారో చూద్దాం.