క్యారెట్ కోస్తే అర్థమైన గ్రాఫిక్స్

ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో మార్కులు తగ్గితే కుంగిపోకండి అని ఒక వ్యాసంలో రాశారు, బాగానే ఉంది, కానీ ఇంట్లో ఎలా చెప్పాలో రాయలేదండీ. నేను నెల్లూరు నుంచి చెన్నై వచ్చి చేరా. ఇంటర్‌లో 1000కి 962, ఇక్కడ మొదటి సెమిస్టర్‌లోనే రెండు అరియర్లు (అంటే తప్పిన సబ్జెక్టులు, చెన్నైలో బ్యాక్‌లాగ్ అనరు లెండి), మ్యాథ్స్ ఒకటి, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ (వస్తువుల ఆకారాల్ని కాగితం మీద గీసే సబ్జెక్టు) ఒకటి. ఇంటర్‌లో స్టడీ అవర్ బెల్లు కొడితే చదివేవాళ్లం, ఇక్కడ బెల్లు కొట్టేవాడు లేడు, అసలు జబ్బు అదే.

గ్రాఫిక్స్‌లో శంకువుని ఏటవాలుగా కోస్తే ఏ ఆకారం వస్తుందో ఎంతకీ తట్టేది కాదు, గీయడం, చెరపడం, షీటుకి చిల్లు పడేదాకా అదే పని. ఒకరోజు సీనియర్ అన్న మెస్‌లోంచి క్యారెట్ తెచ్చి చాకుతో అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి కోసి చేతిలో పెట్టాడు. ఒకటి గుండ్రం, ఒకటి సాగదీసిన గుండ్రం, అదే ఎలిప్స్. అంతే, వెలిగింది.

టెన్షన్ పడేవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోండి: అన్ని సెమిస్టర్లకీ క్రెడిట్లు (సబ్జెక్టులకిచ్చే వెయిటేజీ) దాదాపు సమానమనుకుంటే, మొదటి రెండు సెమిస్టర్లలో గ్రేడ్ పాయింట్ సగటు పదికి 5.8 వచ్చినా మిగతా ఆరింటిలో సగటున 8 తెచ్చుకుంటే మొత్తం 7.45. చాలా కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి అడిగేది 6 లేదా 7, అరియర్ మాత్రం మిగలకూడదు. అందుకే ముందు అవి క్లియర్ చేయండి, మార్కుల సంగతి తర్వాత.

అమ్మకి ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు చెప్పా, పచ్చడి చేతిలో పెడుతుంటే. "సరేలే, ముందు తిను" అంది.