చెయ్యీ కాలూ పడిపోయేదాకా ఆగొద్దు

పక్షవాతమంటే చెయ్యీ కాలూ పడిపోవడమేనని చిత్తూరు పల్లెల్లో చాలామంది నమ్మకం. అవి ఆడుతున్నంతసేపూ కళ్లు తిరిగితే పైత్యం అంటారు, మాట తేడా వస్తే గాలి సోకిందంటారు. నిజానికి రక్తనాళంలో గడ్డ అడ్డుపడో, నాళం చిట్లో మెదడులో ఒక భాగం దెబ్బతినడమే పక్షవాతం. రక్తం అందనిది ఏ భాగానికో దాన్నిబట్టి లక్షణం మారుతుంది. కాళ్లూ చేతులూ ఆడించే భాగం వాటిలో ఒకటి, అంతే.

మాట సంగతే చూడండి. 1861లో ఫ్రాన్స్ వైద్యుడు పాల్ బ్రోకా గుర్తించిన ఎడమ ముందు భాగం దెబ్బతింటే, చెప్పాలనుకున్నది తెలుస్తూనే ఉంటుంది, నోట్లోంచి ఒకటి రెండు ముక్కలకు మించి రావు. 1874లో కార్ల్ వెర్నికె వివరించిన భాగం ఎడమ చెవికి కాస్త పైన, లోపల ఉంటుంది. అది దెబ్బతింటే ధారాళంగా మాట్లాడతారు గానీ అర్థం ఉండదు, మనం చెప్పిందీ ఎక్కదు. చెయ్యీ కాలూ బాగానే ఉండొచ్చు. మతి చలించిందని ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే.

కుడి మెదడు పక్క భాగం దెబ్బతింటే ఇంకా చిత్రం. పళ్లెంలో కుడిపక్కనున్న సంగటి తిని ఎడమపక్కది అలాగే వదిలేస్తారు. చూపు పోయి కాదు, ఎడమవైపు అనేది ఉందన్న ధ్యాసే పోయి. ఎడమ చెయ్యి లేవకపోయినా ‘నాకేం కాలేదు’ అని వాదిస్తారు. అది మొండితనం కాదు, జబ్బే. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది చిన్నమెదడు గురించి. ఒంటి తూకం నిలిపే ఆ భాగం దెబ్బతింటే బలం తగ్గదు, మూతి వంకర పోదు. నిలబెడితే తూలిపోతారు, వాంతులవుతాయి. ముఖం, చెయ్యి, మాట మాత్రమే చూసే పరీక్షకు ఇది చిక్కకపోవచ్చు. వాపు పెరిగితే పక్కనున్న మెదడు కాండం నలిగి ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే ఆశా కార్యకర్తలకు నడక, చూపు కూడా పరీక్షించడం నేర్పాలి.

రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి 4.5 గంటలు. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. పలమనేరు నుంచి తిరుపతికి సుమారు 110 కిలోమీటర్లు. పసరు పోయించుకుని, దగ్గర్లో సెలైన్ ఎక్కించుకుని బయల్దేరితే అక్కడ స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రి ఉండీ ఉపయోగం ఉండదు. రాత్రిపూట కూడా సీటీ తీసే ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

108 వచ్చేలోగా నోట్లో ఏమీ పోయకండి. మింగే శక్తి తగ్గితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావమైతే ముంచుతుంది. బీపీ మాత్ర కూడా డాక్టరు చూడకుండా వేయకండి, ఒక్కసారిగా తగ్గితే మెదడుకు అందే కాస్త రక్తమూ అందదు. షుగర్ పడిపోయినా ఇవే లక్షణాలు రావొచ్చు కాబట్టి మిషన్ ఉంటే చూడండి. మనిషి చివరిసారి బాగున్న టైము కాగితం మీద రాసుకోండి. నిద్రలో వచ్చిందైతే డాక్టరుకు చెప్పాల్సింది లేచిన టైము కాదు, పడుకునేముందు బాగున్న టైము.