2024 మేటి గేమ్‌లు: పర్లాకిమిడి లెక్కలో ముందుండేవి రెండు

2024లో విమర్శకులు బాగా మెచ్చిన వీడియో గేమ్ ఏదంటే అందరూ ముందు ఆస్ట్రో బాట్ పేరే చెప్తారు, ఆ డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్ పెద్ద బహుమతి దానికే వచ్చింది కాబట్టి. దాంతో పోటీపడినవి మెటఫర్: రీఫాంటాజియో, ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్, ఎల్డెన్ రింగ్‌కు అదనపు భాగంగా వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ, చైనా వాళ్ల బ్లాక్ మిత్: వుకాంగ్. ఇన్ని పెద్ద పేర్ల మధ్య, సంగీతం లాంటివి తప్ప దాదాపు అంతా ఒక్క మనిషే చేసిన పేకముక్కల గేమ్ బలాట్రో. సూటిగా చెప్తాను, ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెరిగే తెలుగు పిల్లలకు ఆ ఏడాది అసలైన మేటి గేమ్ బలాట్రోనే. దాని పక్కన పెట్టదగింది, పెద్ద బహుమతికి పోటీపడిన ఈ ఆరింటిలో చోటు దొరకని యానిమల్ వెల్ అనే గేమ్.

డబ్బుల్లేక సర్దుకుపోయే మాట కాదిది. గేమ్ గొప్పతనం దేంట్లో ఉందో ఆలోచించి అంటున్న మాట.

ఆస్ట్రో బాట్‌ను తక్కువ చేయను. టోక్యోలో అరవై మందికి కాస్త అటూ ఇటూగా ఉన్న సోనీ చిన్న బృందం చేసింది, విమర్శకుల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్‌లో వందకు 94 దాకా వచ్చింది, ఆ మార్కులు దానికి తగినవే. అదే సోనీ భారీగా ఖర్చు పెట్టి తెచ్చిన కాన్‌కార్డ్ అనే గేమ్ ఆగస్టు 23న విడుదలై, సరిగ్గా ఆస్ట్రో బాట్ వచ్చిన సెప్టెంబర్ 6నే మూతపడింది. డబ్బు కుమ్మరిస్తే మంచి గేమ్ వచ్చేస్తుందనుకునేవాళ్లు ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆస్ట్రో బాట్ ఆడాలంటే సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 ఉండాలి, అది చాలా ఖరీదు. బ్లాక్ మిత్‌కైతే కంప్యూటర్‌లో 130 జీబీ ఖాళీ అడుగుతారు. రోజుకు రెండు జీబీ మొబైల్ ప్యాక్ మీద బతికే ఇంట్లో ఆ డేటా మొత్తం దీనికే పోసినా డౌన్‌లోడ్‌కు రెండు నెలలు దాటుతుంది, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు సంగతి ఎలాగూ ఉంది.

డబ్బు కంటే పెద్ద అడ్డం భాష. మెటఫర్ కథ నాకు చాలా ఇష్టం. రాజు చనిపోయాక జనం ఎవరిని మెచ్చితే వాళ్లే రాజు, ఆ పోటీలో అందరూ చిన్నచూపు చూసే తెగ కుర్రాడు దిగుతాడు. అలాంటి కథ ఇక్కడి పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. కానీ పదుల గంటల పాటు సంభాషణలు చదువుతూనే ఉండాలి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అయిన పిల్లవాడు ఆ ఇంగ్లీషులో ఎంతదూరం వెళ్తాడు? ఆ ఆరు గేమ్‌లలో ఒక్కదాంట్లోనూ తెలుగు లేదు, ఒడియా లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు తయారుచేసి, బళ్లు పెట్టించిన మనిషి తిరిగిన వీధుల్లో ఉంటూ ఈ సంగతి పట్టించుకోకుండా ఉండలేను.

యానిమల్ వెల్ ఇక్కడే గెలుస్తుంది, ఎందుకంటే అందులో మాటలు దాదాపు లేవు. బిల్లీ బాసో అనే ఒకే ఒక్క డెవలపర్ గేమ్‌ను నడిపే ఇంజన్ కూడా సొంతంగా రాసుకుని ఏడేళ్లు కష్టపడి చేశాడు, సైజు నలభై ఎంబీ లోపే. చీకటి బావిలాంటి లోకంలో ఒక చిన్న జీవి, చేతిలో కత్తి ఉండదు, తుపాకీ ఉండదు, దొరికేవల్లా టపాకాయలు, బుడగలు ఊదే గొట్టం, యోయో లాంటి ఆటవస్తువులు. వాటితో ఏం చేయొచ్చో ఎవరూ చెప్పరు. బుడగ మీద నిలబడి పైకి ఎగరొచ్చని పిల్లవాడు తనంతట తాను కనిపెట్టాలి, అది కనిపెట్టిన క్షణంలో వచ్చే ఆనందానికి ఏ భాషా అక్కర్లేదు.

బలాట్రో ఇంకో రకం. పోకర్‌లో జతలు, వరుసలు, ఒకే గుర్తు ముక్కలు ఉంటాయి కదా, వాటికి వచ్చే చిప్స్‌ను, అంటే పాయింట్లను, ఒక గుణకంతో హెచ్చించి స్కోరు ఇస్తుంది. మొదటి మెట్టు మొదట్లో 300 చాలు, ఎనిమిదో మెట్టు చివర మామూలుగా లక్ష దాకా కావాలి. మధ్యలో మనల్ని నిలబెట్టేవి జోకర్లు అనే ప్రత్యేక ముక్కలు, మొత్తం 150 ఉన్నాయి. ఒక జోకర్ ఉంటే నాలుగు ముక్కలకే వరుస ఒప్పుకుంటారు, ఇంకోటి ఉంటే ఆటీను, డైమండ్ ఒకే గుర్తు కింద లెక్క. అంటే పాత ఆట నియమాలనే ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం ఇందులో ఆట. తెలివంతా ఏ రెండు జోకర్లు కలిస్తే లెక్క ఎగిరిపోతుందో ముందే ఊహించడంలో ఉంది. 2024 ఫిబ్రవరిలో కంప్యూటర్‌కు, కన్సోళ్లకు వచ్చింది, సెప్టెంబర్‌లో ఫోన్‌కూ వచ్చింది, 2025 జనవరికి 50 లక్షల కాపీలు దాటింది.

పేకాట అనగానే పెద్దవాళ్లకు టెన్షన్, అది న్యాయమే. రమ్మీ యాప్‌లలో జీతాలు పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను కేంద్రం 2025లో చట్టం తెచ్చి నిషేధించింది కూడా. బలాట్రోలో పందెం లేదు, ఒకసారి కొనుక్కుంటే అంతే. యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ కూడా 2024లో 18 ఏళ్లు దాటినవాళ్లకే అని ముద్ర వేసి, అప్పీలు తర్వాత 2025లో 12కు దించింది. దీన్ని చేసిన లోకల్‌థంక్ అసలు పేరు బయటపెట్టని కెనడా మనిషి. ఈ గేమ్ హక్కులు ఏ జూదం కంపెనీకీ అమ్మకూడదని వీలునామాలో రాసుకున్నానని అతనే చెప్పాడు. ఇంట్లో అభ్యంతరం వస్తే ఈ సంగతులు చెప్పండి.

గుణుపురం, పర్లాకిమిడి ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. బలాట్రోను రాసింది లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో, వాడింది గేమ్‌లు కట్టడానికి పనికొచ్చే లవ్ అనే ఉచిత ఫ్రేమ్‌వర్క్. రెండూ ఎవరైనా దింపుకోవచ్చు, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తాయి. పోకర్ నియమాలను మార్చి ఒకతను ఇంత చేశాడు. మన పులి-మేకను, అష్టాచెమ్మాను, వామనగుంటలను అలా విప్పి చూసి, తెలుగులో, ఒడియాలో, సవరలో ఆడుకునేలా కట్టడానికి ముందు కావాల్సింది ఒక సెమిస్టర్ ప్రాజెక్టు, దానికి ఒప్పుకునే లెక్చరర్.