శవంతో పాటు వచ్చే సంతకం కాగితం

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో సెంట్రింగు మీద నుంచి పడి శ్రీకాకుళం జిల్లా సోంపేట, మందస, ఇచ్ఛాపురం వైపు కుర్రాడు చనిపోతే, తర్వాత జరిగేది చాలాసార్లు ఒకేలా ఉంటుంది. పనికి తీసుకెళ్లిన మేస్త్రీ ఫోను చేస్తాడు. కంపెనీ అంబులెన్సు మాట్లాడుతుంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తం తేలుస్తారు. ‘ఇకమీదట మాకు ఏ హక్కూ లేదు’ అని రాసిన స్టాంపు పేపరు మీద భార్య చేత వేలిముద్ర వేయిస్తారు.

ఆ కాగితం చట్టం ముందు నిలబడదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 8వ సెక్షన్ ప్రకారం, కార్మికుడు చనిపోతే పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ కమిషనర్ దగ్గరే జమ చేయాలి. నేరుగా ఇంటికి ఇచ్చిన డబ్బు పరిహారం కిందే లెక్కకు రాదు. మూడు నెలల జీతం మేరకు అడ్వాన్సు ఇవ్వడం ఒక్కటే మినహాయింపు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదని 17వ సెక్షన్ అంటుంది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, చట్రం మాత్రం దాదాపు అదే. నూరేళ్ల కిందటే ఈ నిబంధన ఎందుకు పెట్టారో మన ఊళ్లలో విడమరచి చెప్పక్కర్లేదు. చేతికొచ్చిన నగదు పెద్ద కర్మ దాటేలోపు అప్పులవాళ్లకు పోతుంది. కమిషనర్ దగ్గరైతే పిల్లల వాటా విడిగా బ్యాంకులో పడుతుంది.

ఇక లెక్క. మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం జీతాన్ని గరిష్ఠంగా 15,000 వరకే తీసుకుంటారు. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. అదే మనిషికి కంపెనీ జీతం 8,000 అని చూపిస్తే 8,31,920కి పడిపోతుంది. రోజుకూలి ఎంత అన్న ఒక్క ముక్క మీద ఏడు లక్షలకు పైగా తేడా. అయితే ఈఎస్ఐలో (ఉద్యోగుల బీమా పథకంలో) పేరున్నవాళ్లకు ఈ దారి లేదు, కుటుంబానికి అక్కడి నుంచే నెలనెలా డబ్బు వస్తుంది.

కేసు కోసం చెన్నై తిరగాల్సిన పని లేదు. చనిపోయినవాడి కుటుంబం ఎక్కడ ఉంటే అక్కడి కార్మిక శాఖ కమిషనర్ దగ్గరే వేయొచ్చు. గడువు రెండేళ్లు. మేస్త్రీ చేతులెత్తేసినా, పని అప్పగించిన అసలు కంపెనీని బాధ్యురాలిగా చేర్చవచ్చు. ఇన్సూరెన్సు పాలసీ ఉంటే ఆ కంపెనీనీ చేర్చాలి.

కేసు చెడిపోయేది సాక్ష్యం దగ్గర. శవాన్ని త్వరగా ఇంటికి చేర్చాలన్న తొందరలో పోస్టుమార్టం వద్దంటారు. ఎఫ్ఐఆర్‌లో ‘ప్రమాదవశాత్తూ పడిపోయాడు’ అని ఉంటుంది, ఏ సైటులో, ఎవరి పనిలో అన్నది ఉండదు. చనిపోయినవాడి ఫోను మేస్త్రీ దగ్గరే ఉండిపోతుంది. నిజానికి ఆ ఫోనే హాజరు పట్టీ: మేస్త్రీ నుంచి వచ్చిన ఫోన్‌పే జమలు, వాట్సాప్ గ్రూపులో సైటు ఫొటోలు, గేటు పాసు అన్నీ అందులోనే. దాన్ని ముందు చేతికి తీసుకోవాలి.

ప్రభుత్వం దగ్గరైనా రికార్డు ఉండొద్దా అంటే, ఉండాల్సిందే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురిని తీసుకెళ్లే కాంట్రాక్టరు కూడా లైసెన్సు తీసుకోవాలంది, కార్మికుడికి పాస్‌బుక్ ఇవ్వాలంది. (2014 జూన్ 1 దాకా శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ పోవడం సొంత రాష్ట్రంలో పనే. ఆ మర్నాటి నుంచి అది కూడా అంతర్రాష్ట్ర వలసే.) ఆ చట్టం ఆచరణలో ఎంత నడిచిందో అందరికీ తెలిసిందే. దాని బదులు వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కాంట్రాక్టరు లైసెన్సు అవసరమయ్యే సంఖ్య యాభైకి పెరిగింది. పలాసలో ఫలక్‌నుమా రైలు ఎక్కించుకుని పాతిక మందిని తీసుకెళ్లే మేస్త్రీకి ఇక ఆ లైసెన్సు బెడదే లేదు.

దాంతో భారమంతా తోటి కూలీల సాక్ష్యం మీద పడుతుంది. వాళ్లదీ అదే ఊరే, కానీ వచ్చే నెల పని ఇచ్చేదీ ఆ మేస్త్రీయే. అందుకే వాళ్ల పేర్లు అక్కడి పోలీసు శవ పంచనామాలోనే, ఆ రోజే ఎక్కించాలి. శ్రీకాకుళంలో కేసు విచారణకు వచ్చేసరికి వాళ్లలో ఎక్కువమంది మళ్లీ వేరే సైటులో ఉంటారు.