మద్దెలకి పసుపు నీళ్ల స్నానం

పొద్దున్నే షట్టర్ సగం కూడా లేపలేదు, కారు దిగొచ్చేసినాడు పెద్దమనిషి. చేతిలో సంచి, సంచిలో మొన్న శుక్రవారం నేను బాగుచేసి పంపిన మృదంగం. "ఏందబ్బాయ్, నీ పని మూడు రోజులు కూడా నిలవలేదే!"

తీసి చూసినా. కుడి తల మీద నల్లగా గుండ్రంగా ఉండే కరణి బీటలు కొట్టి పెచ్చులు పెచ్చులుగా లేస్తుండాది. గోటితో తాకితే ఒక ముక్క ఒళ్లో రాలింది. తోలంతా పచ్చగా ఉండాది. పచ్చగా అంటే పసుపు సామీ, పసుపు!

"నీళ్లేమన్నా పడ్డాయా సార్?"

"నీళ్లెందుకు పడతాయి? సోమవారం భజనకి ముందు శుద్ధి చేసినాం. పసుపు నీళ్లు కాసిని చల్లినాం, అంతే."

కాసిని అంట. చెంబుడు కుమ్మరిస్తే గానీ అట్టా కాదు.

శుద్ధి దేనికి? నా చెయ్యి తగిలిందనా? ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగినా. పొద్దున బోణీ కదా. అందుకే ఇక్కడ కక్కుతుండా.

కరణి అంటే నల్ల రంగు పూసేదనుకుంటారు జనం. చిట్టెం రాయి మెత్తగా నూరి, అన్నం ముద్దలో కలిపి, చిటికెడు చిటికెడు పెట్టి, నున్నటి రాయితో రుద్దుతా ఉండాల. ఆరినాక ఇంకో పొర. కింది పొర తడిగా ఉండగా పైది వేస్తే నాదం అక్కడే చచ్చె. ఈ కార్తీకం ముసురులో ఎండ మొహమే లేదు, బల్బు కింద పెట్టుకుని రెండు రోజులు కాపలా కాసినా. "పిల్లోడికి జొరమొచ్చినప్పుడు కూడా ఇట్టా కూర్చోలేదు నువ్వు" అనింది మా ఆవిడ. నిజమే, ఏం చెప్తా?

పైగా ఆయన లాజిక్ చూడండి. "ఎడమ వైపు తడి రవ్వ పెడతారు కదా, కుడి వైపుకి నాలుగు చుక్కలు పడితే ఏమవుద్ది?" వాయించే ముందు బొంబాయి రవ్వ ముద్ద పెట్టేది బరువు కోసం సార్, అయిపోగానే గీకేస్తారు. కుడిదానికి తడి విషం. వింటే కదా! "వారంటీ లేదా?" అంటాడు. మిక్సీ కొన్నాడు ఈయన.

అది చాలక, "ఈ తోలు వార్ల గోలెందుకు, నట్టు బోల్టులు పెట్టెయ్" అన్నాడు. బోల్టుల మీద నాకేం పగ లేదు. లేత్ షాపులో రాడ్లకి మర తీయించి, కొక్కేలు వంచి ఎన్ని భజన గుడులకి బిగించిచ్చినానో. వార్లు లాగాలంటే ఇద్దరు మనుషులు కావాల, బోల్టుకైతే ఒక పానా చాలు. ఆ పానా యూట్యూబ్ చూసిన పిల్లోడి చేతిలో పడితే మాత్రం ఒకే వైపు తిప్పి తిప్పి తోలు టప్పుమనిపిస్తాడు, అది వేరే కథ. కానీ ఇది ఈయన తాత మద్దెల. 24 అంగుళాలు, పనస చేవ, రెండు చేతులతో లేపినా బరువే. ఇట్టాంటి చెక్క కోసం తమిళనాడులో పన్రుటి దాకా పోతారు పని తెలిసినోళ్లు. దాని నడుముకి ఇనప పట్టీ బిగించాలంట!

దేవుడి గదిలో పెడతారు, నందీశ్వరుడి వాద్యమని కళ్లకద్దుకుంటారు. ఏ తోలో మాత్రం ఒక్కడూ అడగడు, అడిగితే చెప్తానని భయం. ఇప్పుడు చెప్తుండా, రాసుకోండి. తలకి ఆవుతోలు, మేకతోలు. లాగే వార్లు ఎనుముతోలు. మూడు జంతువులు సామీ మీ దేవుడి గదిలో. పసుపు నీళ్లు ట్యాంకర్లో తెప్పించినా పోవు. అదే మేకతోలు వేపచెక్క చట్రానికి చింతగింజల బంకతో అతికితే డప్పయిపోద్ది, దాన్ని మాత్రం గుడి మెట్లు ఎక్కనియ్యరు.

మా నాయన్ని ఒక ఉత్సవానికి తీసకపోయినారు, నాకప్పుడు పదేళ్లు. కచేరీ నడమ వారు తెగింది. స్టేజీ వెనక చీకట్లో నేను టార్చి పట్టుకున్నా, ఆయన కాళ్లతో మద్దెలని తన్నిపట్టి లాగినాడు. వేలు కోసుకుని రక్తం. మద్దెలకి అంటకుండా పంచెకి తుడుచుకుని మళ్లీ లాగినాడు. కచేరీ సాగింది, పాడినోళ్లకీ వాయించినోళ్లకీ శాలువాలు కప్పినారు. భోజనాల కాడికి పోతే "మీది తర్వాత, ఆ పక్కన ఉండండి" అన్నారు. ఉండలేదు మా నాయన. ఇంటికొచ్చి పదకొండింటికి గోంగూర పచ్చడేసుకుని సద్దన్నం తిన్నాడు, ఎడం చేత్తో. కుడి వేలికి గుడ్డ కట్టుండాది మరి.

సరే, పాత కరణి అంతా గీకేసినా. ఎండొస్తే శనివారం, రాకుంటే వచ్చే వారం. బిల్లు వాట్సాప్‌లో పంపినా, "పసుపు నీళ్లు" అని వేరే లైను రాసి, పక్కన రూపాయలేసి. సిగ్గుపడతాడనుకున్నా.

"దానికి జీఎస్టీ ఉందా?" అని అడిగినాడు.