కొలతల టేపుకు ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు లేఖ

టేపు గారికి,

నమస్కారం. జబ్బు వల్లో వైకల్యం వల్లో ఇబ్బంది పడేవాళ్లు రోజువారీ పనులు తామే చేసుకునేలా సాయపడడం నా వృత్తి. పెళ్లి రవిక కుట్టాలంటే తమరు మెడ, భుజం, చంక, నడుము, ఏదీ వదలరు. ఒక పూట కట్టి బీరువాలో పెట్టేదానికే అంత శ్రద్ధ! మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే చక్రాల కుర్చీ దగ్గర మాత్రం తమరు కనబడరు.

మొన్న మా మండల కేంద్రంలో జరిగిన కుర్చీల పంపిణీ శిబిరానికి తమరు రాలేదని అనను. వచ్చారు, ఫ్లెక్సీని కొలిచారు. 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. ఏ నాయకుడి తలా తెగలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ల తుంటి వెడల్పు కొలుస్తానని నేను ముందుకు వెళితే, "కొలతలెందుకు మేడం, అన్నీ ఒకటే సైజు" అన్నారు నిర్వాహకులు.

పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన ఒక పెద్దమ్మకు కుర్చీ దక్కింది. ఆమె తుంటి 14 అంగుళాలు, సీటు 18. మిగిలిన ఖాళీలోకి ఆమె ఒరిగిపోతుంటే కొడుకు దిండు కుక్కాడు. కుడి చేత్తో తోస్తే కుర్చీ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఇలాంటివాళ్లు బాగున్న చేత్తో చక్రం తిప్పుతూ, బాగున్న కాలితో నేలను లాగుతూ ముందుకు వెళతారు. అందుకు మడమ నేలకు ఆనేంత కిందికి సీటు ఉండాలి. ఆమె పాదం గాలిలో ఊగుతోంది. స్నానాల గది తలుపు 24 అంగుళాలు, కుర్చీ 26.

ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. వాటికి మాత్రం అచ్చం కొలిచి చేసినట్టే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే చక్రాల కుర్చీ సేవకు ఎనిమిది అంచెలు చెప్పింది. మనిషిని, ఇంటిని, అవసరాన్ని అంచనా వేయడం అందులో రెండోది. కూర్చోబెట్టి సరిచూడడం ఆరోది. వాడకం నేర్పడం ఏడోది. మా శిబిరంలో అంచెలు రెండే: దండ, ఫొటో.

"మీకేం కావాలమ్మా?" అని పెద్దమ్మను నేనడిగాను. కాసేపు నా ముఖంలోకి చూసింది, ఆ మాట అడిగినవాళ్లే లేనట్టు. "కోడలిని లేపకుండా రాత్రి మరుగుదొడ్డికి వెళ్లాలి" అంది.

గురువారం వాళ్లింటికి వెళుతున్నాను. గడప ఎత్తు, మంచం ఎత్తు, ఆ తలుపు మళ్లీ ఒకసారి, అన్నీ కొలవాలి. ఆ రోజు ఎక్కడైనా ఫ్లెక్సీ పని పడితే, దయచేసి తమరు శుక్రవారానికి వాయిదా వేసుకోండి.