బటన్ టైర్లు వేశాక పికప్ ఎందుకు కుదిపేస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు రెండు రకాల పికప్‌లు కనిపిస్తాయి. ఒకటి జీడిపిక్కలు, కొబ్బరికాయలు, ఐసు పెట్టిన చేపలు మోసే బొలెరో లాంటి బండి. రెండోది ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటిది. వెనక తొట్టి ఉన్నా లోపల కారు సీట్లు, కారు ఏసీ. ఈ రెండో రకం బండి కొన్నవాళ్లకు ఆల్-టెర్రెయిన్ టైర్ల మీద, అంటే రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చేలా పైన రబ్బరు దిమ్మలు (బటన్లు) ఉన్న టైర్ల మీద, మోజు ఎక్కువ. బండికి ఒక మగతనం వస్తుందని కొందరు, తోట దాకా ధైర్యంగా వెళ్లొచ్చని కొందరు వేయిస్తున్నారు.

వేయించాక వచ్చే మాటలే తికమకగా ఉంటాయి. గుంతలు తెలియడమే లేదని ఒకరంటారు. నడుము పట్టేసింది, ఇంట్లోవాళ్లు ఎక్కనంటున్నారని ఇంకొకరంటారు. ఇద్దరూ ఒకే బండి, ఒకే కంపెనీ టైరు వాడుతూ ఉండొచ్చు కూడా. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నా లెక్కలో తేడా పైకి కనిపించే బటన్లది కాదు. టైరు పక్కగోడ ఎంత బిరుసు, లోపల గాలి ఎంత, తొట్టిలో బరువు ఎంత అన్నవే అసలు సంగతి.

కారుకు టైర్లు మారిస్తే తెలిసే తేడా కంటే పికప్‌కు మారిస్తే తెలిసేది ఎక్కువ. దానికి కారణం వెనకున్న కమాన్లు, అంటే ఇనుప పట్టీలు కట్టగా పేర్చి చేసిన స్ప్రింగులు. వీ-క్రాస్, హైలక్స్ రెండింటికీ వెనక కమాన్లే. అవి బరువు మోయడానికి చేసినవి. కమాను కట్టలో పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదలాలి. ఖాళీ బండిలో చిన్న గతుకుకు ఆ రాపిడిని దాటేంత బలం ఉండదు. కాబట్టి కమాను దాదాపు కదలదు. కమాను కదలకపోతే షాక్ అబ్జార్బరుకూ పని ఉండదు. రోడ్డుకూ మన వెన్నెముకకూ మధ్య అప్పుడు మిగిలే స్ప్రింగు టైరులోని గాలి ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మార్చేసి బండి తీరు మారిందేమిటని ఆశ్చర్యపోతే ఎలా?

ఆల్-టెర్రెయిన్ అన్న పేరుతో దుకాణంలో దొరికేది ఒకే రకం టైరు కాదు. మామూలు ప్యాసింజర్ బండ్ల నిర్మాణంలో వచ్చేవి కొన్ని. సైజు ముందు ‘ఎల్‌టీ’ అని ముద్ర ఉన్నవి, అంటే లైట్ ట్రక్కు రకం, కొన్ని. ఎల్‌టీ టైరులో పొరలు మందంగా ఉంటాయి, పక్కగోడ బిరుసుగా ఉంటుంది. రాయి కోసినా తట్టుకుంటుంది. బదులుగా అది ఎక్కువ గాలి అడుగుతుంది. మామూలు టైరు, గాలి ఒత్తిడి 35, 36 పీఎస్‌ఐ దగ్గరే తన పూర్తి బరువు మోయగలదు. ఎల్‌టీలో లోడ్ రేంజ్ (ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) ‘సి’ అయితే పూర్తి బరువుకు 50, ‘ఇ’ అయితే 80 పీఎస్‌ఐ కావాలి. అంత గాలి మనం నింపనక్కర్లేదు, బండికి అంత బరువూ ఉండదు. కానీ అదే బరువుకు మామూలు టైరు కంటే కొంత ఎక్కువ గాలి పెట్టక తప్పదు. అసలే బిరుసు పక్కగోడ, దానికి తోడు ఎక్కువ గాలి, కింద కదలని కమాను. ఇంట్లోవాళ్లు ఎక్కనన్నారంటే తప్పు వాళ్లది కాదు.

దీనికి మన పంక్చర్ షాపుల అలవాటు తోడవుతుంది. హైవే పక్క షాపుల్లో పని నేర్చుకున్న చెయ్యి లోడు బండ్లకు, లారీలకు గాలి కొట్టిన చెయ్యి. టైరు పెద్దదిగా, మోటుగా కనిపిస్తే మీటరు చూడకుండానే నాలుగు దెబ్బలు ఎక్కువ కొడుతుంది. డ్రైవరు పక్క డోరు తెరిస్తే కంపెనీ స్టిక్కరు ఉంటుంది, ఖాళీకి ఎంత, లోడుకు ఎంత అని. మామూలు నిర్మాణపు ఆల్-టెర్రెయిన్ వేస్తే, సైజు, టైరు మోయగల బరువు చెప్పే లోడు నంబరు మారనంత వరకు, ఆ అంకెలే సరిపోతాయి. ఎల్‌టీ వేస్తే టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టిక చూసి పెట్టాలి. తొట్టి ఖాళీగా ఉన్న రోజు వెనక టైర్లకు లోడు గాలి ఉంటే ఏ టైరైనా ఎగరేస్తుంది. పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు దింపి ఖాళీగా తిరిగొచ్చే డ్రైవర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక మన రోడ్లు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే గుంతల బాధ పెద్దగా ఉండదు. అక్కడ వినిపించేది వంతెనల అతుకుల దగ్గర దబ్ దబ్ శబ్దం. వంశధార, నాగావళి దాటేటప్పుడు ఎల్‌టీ టైరు ఆ అతుకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెబుతుంది. ఊళ్లలోని సీసీ రోడ్లూ అంతే, అతుకులు, వాటి మధ్య ఎవరి ఇంటి ముందు వాళ్లు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు. వాడకంలో తొంభై పాళ్లు ఇలాంటి రోడ్లే అయితే ఆల్-టెర్రెయిన్ సుఖాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు.

ఉద్దానంలో కథ వేరు. జీడితోటల మధ్య ఇసుక దారిలో, కొబ్బరి దింపే చోట, మెత్తటి నేలలో రోడ్డు టైరు జారి ఒకే చోట తిరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు పడి, దారులు చెడిపోయిన ఊళ్లలో తిరిగినవాళ్లకు పట్టు విలువ తెలుసు. టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీ దారుల్లో పదునైన రాళ్లకు ఎల్‌టీ పక్కగోడే కాపలా. అక్కడ దాన్ని వద్దనడం తెలివితక్కువ. ఇసుకలోకి దిగేటప్పుడు కొంత గాలి తీసేస్తే అదే టైరు మెత్తబడి పట్టూ ఇస్తుంది, కుదుపూ తగ్గిస్తుంది. కాకపోతే తిరిగి హైవే ఎక్కేముందు గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. అందుకే పన్నెండు వోల్టుల చిన్న కంప్రెషర్ బండిలో ఉంచుకోకుండా ఈ టైర్లు వేయించడం సగం పనే అంటాను.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. ఎల్‌టీ ఆల్-టెర్రెయిన్ ఒక్కోటి కంపెనీ టైరు కంటే రెండు మూడు కిలోలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే తూగుతుంది. స్ప్రింగు కింద ఉండే బరువు పెరిగితే చక్రం ఎగిరాక మళ్లీ నేలను పట్టుకోవడం ఆలస్యమవుతుంది. వరస గతుకుల మీద స్టీరింగ్ వణికేది అందుకే. మైలేజీ తగ్గడం దీనికి అదనం. ఆ తర్వాత హోరు. వేగం పెరిగేకొద్దీ బటన్ల మధ్య సందుల్లో గాలి చేసే శబ్దం పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఆ హోరు వింటూ పోతే దిగేసరికి తల దిమ్మెక్కుతుంది. కుదుపు లేకపోయినా అలసట ఉంటే దాన్ని సుఖం అనలేం. టైర్లను వేళకు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చకపోతే బటన్లు ఏటవాలుగా అరిగి ఈ హోరు ఇంకా పెరుగుతుంది.

లారీలకు పేరున్న సాలూరులో ఈ లెక్క ఎప్పటి నుంచో ఉంది. ముందు చక్రాలకు గీతల టైర్లు, వెనక లాగే చక్రాలకు బటన్ టైర్లు. ముందు స్టీరింగ్ తేలిగ్గా తిరగాలి, వెనక పట్టు కావాలి. సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు పోయే లారీకి రెండూ అవసరమే. ఆల్-టెర్రెయిన్ ఈ రెండు పనులనూ ఒకే టైరుతో చేయించాలని చూస్తుంది. రెండింటిలోనూ పూర్తి మార్కులు రావు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి కాబట్టి సాలూరు పద్ధతి అక్కడ కుదరదు.

నిజంగా మెత్తదనమే కావాలంటే బటన్ల కంటే రిమ్ము చూడాలి. హైలక్స్‌లో పై వేరియంట్‌కు 265/60 ఆర్18, కింది దానికి 265/65 ఆర్17 టైర్లు వస్తాయి. రెండింటి ఎత్తూ దాదాపు ఒకటే, సుమారు 776 మిల్లీమీటర్లు. పదిహేడు అంగుళాల రిమ్ముకు మాత్రం పక్కగోడ 13 మిల్లీమీటర్లు ఎక్కువ. గుంతను మింగేది ఆ రబ్బరూ గాలీనే. మన కుర్రాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా, పెద్ద రిమ్ము వేసి దాని మీద బటన్ టైరు తొడుగుతారు. చూపుకు బాగుంటుంది, కాదనను. సైజు మరీ పెంచితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌తో పేచీ పడే టెన్షన్ మిగులుతుంది.

నెలకు ఒకటి రెండుసార్లు తోటకు వెళ్తూ మిగతా రోజులు హైవే మీదే తిరిగేవారికి కంపెనీ సైజులో, మామూలు నిర్మాణంలో ఉన్న, బటన్లు మరీ మోటుగా లేని ఆల్-టెర్రెయిన్ చాలు. రోజూ క్వారీకో తీరం ఇసుకలోకో దిగేవారు ఎల్‌టీ తీసుకుని కుదుపుకు సిద్ధపడాలి. ఈ రెండూ కానివారు, ఉన్న టైర్లలో గాలి స్టిక్కరు ప్రకారం పెట్టించి, షాక్ అబ్జార్బర్లు కారుతున్నాయేమో చూపించుకుని, ఒక వారం నడిపి చూడండి. దుకాణానికి వెళ్లే అవసరం అక్కడితో తీరిపోవచ్చు.